గ్రాహకాన్ని పట్టిచ్చే యాంటీబాడీ

హార్మోన్లు కణానికి కబురు అందించే తీరు ఒకటి కాదు. ఇన్సులిన్ లాంటివి కణం లోపలికి పోలేవు. పైపొర మీదున్న గ్రాహకానికి తగిలి, సంగతి లోపలికి చేరవేసి ఊరుకుంటాయి. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్, కార్టిసాల్, థైరాయిడ్ హార్మోన్ అలా కాదు. ఇవి చిన్న అణువులు, కణంలోకే దిగిపోతాయి. అక్కడ వీటి కోసం కాచుకుని ఉండే ప్రోటీన్లే కేంద్రక హార్మోన్ గ్రాహకాలు. ఆస్పత్రి భాషలో రిసెప్టర్లు. హార్మోన్ వచ్చి చేరగానే ఈ ప్రోటీన్ ఆకారం మారుతుంది. డీఎన్‌ఏ మీద తన చోటు పట్టుకుని కొన్ని జన్యువులను పనికి లేపుతుంది, కొన్నిటి నోరు నొక్కుతుంది. మనిషి శరీరంలో ఈ కుటుంబానికి చెందిన ప్రోటీన్లు 48. రొమ్ము క్యాన్సర్ రిపోర్టుల్లో కనిపించే ‘ఈఆర్’, ‘పీఆర్’ ఈ కుటుంబంలోని ఇద్దరు సభ్యులే: ఈస్ట్రోజెన్ రిసెప్టర్, ప్రొజెస్టెరాన్ రిసెప్టర్.

ఒక్కో కణంలో వేల రకాల ప్రోటీన్లు ఉంటాయి. వాటిలో గ్రాహకం వాటా బహు స్వల్పం. మామూలు రంగులు వేసి సూక్ష్మదర్శిని కింద పెడితే కేంద్రకం నీలంగా కనిపిస్తుంది తప్ప అందులో గ్రాహకం ఉందో లేదో తెలియదు. దాన్ని వెతికి పట్టుకుని, ఇదిగో ఇక్కడుందని చూపించడానికి ప్రయోగశాలలు వాడే సాధనం యాంటీబాడీ. ఒంట్లో చొరబడిన క్రిములను గుర్తుపట్టడానికి పుట్టిన ప్రోటీన్‌నే శాస్త్రవేత్తలు ఇలా వెతుకులాటకు మళ్లించారు.

యాంటీబాడీలు రాకముందు గ్రాహకాన్ని హార్మోన్ చేతనే వెతికించేవారు. షికాగో విశ్వవిద్యాలయంలో ఎల్వుడ్ జెన్సెన్ 1950ల చివర్లో ఈస్ట్రోజెన్‌కు రేడియోధార్మిక హైడ్రోజన్ తగిలించి ఎలుకలకిచ్చాడు. మిగతా అవయవాల్లోంచి అది త్వరగా వెళ్లిపోయింది, గర్భాశయంలో మాత్రం నిలిచిపోయింది. అంటే అక్కడ దాన్ని పట్టి ఉంచుతున్నదేదో ఉంది. ఈస్ట్రోజెన్ గ్రాహకం ఉందన్న ఆధారం అలా దొరికింది.

ఈ కుటుంబంలోని మరో కొమ్మ కథలో తెలుగువాడి పాత్ర పెద్దది. హైదరాబాద్‌లోని ఉస్మానియా వైద్య కళాశాలలో చదువుకుని అమెరికా వెళ్లిన పాథాలజిస్టు జనార్దన్ రెడ్డి, మొదట కాన్సాస్‌లోనూ తర్వాత నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలోనూ కాలేయ కణాల మీద దశాబ్దాల పాటు పనిచేశారు. రక్తంలో కొవ్వు తగ్గించే క్లోఫైబ్రేట్ తరహా మందులిస్తే ఎలుకల కాలేయ కణాల్లో పెరాక్సిసోములనే చిన్న సంచులు విపరీతంగా పెరిగేవి. పొంతన లేని నిర్మాణాలున్న మందులు కూడా ఒకే పని ఎలా చేస్తున్నాయన్నది ప్రశ్న. వీటన్నిటినీ అందుకునే గ్రాహకం ఏదో ఉండాలని ఆయన బృందం భావించింది. రేడియోధార్మికత తగిలించిన నాఫెనోపిన్ అనే మందును ఎరగా వేసి, దాన్ని పట్టుకునే ప్రోటీన్ కాలేయంలో ఉందని 1983లో ప్రకటించింది. జెన్సెన్ పట్టిన దారే ఇదీ. 1990లో ఇంగ్లండ్‌లో ఐసెమన్, గ్రీన్ ఆ తరహా గ్రాహకం జన్యువును విడదీసి దానికి పీపార్ అని పేరు పెట్టారు. 1993లో రెడ్డి బృందం చిట్టెలుక కాలేయం నుంచి దాని తోబుట్టువైన పీపార్ గామా జన్యువును పట్టుకుంది. షుగర్ రోగులకు తెలిసిన పయోగ్లిటజోన్ బిళ్ల పనిచేసేది ఈ పీపార్ గామా మీదే. గ్రాహకం సంగతి తేలకముందే దానికి తగిలే మందులు తయారైపోయాయన్నమాట.

రేడియోధార్మిక హార్మోన్‌తో వెతికే పద్ధతి ప్రయోగశాలకు బాగానే ఉండేది, ఆస్పత్రికే కష్టం. గడ్డ ముక్కను తీసిన వెంటనే గడ్డకట్టించి, అలాగే కాపాడి, తర్వాత నూరి ద్రవంగా చేసి కొలవాలి. కాస్త పెద్ద ముక్కే కావాలి. నూరేశాక క్యాన్సర్ కణమేదో, పక్కనున్న మామూలు కణమేదో తేడా తెలియదు. ద్రవ నత్రజని దగ్గర లేని ఊళ్లో ఈ పరీక్ష జరిగే పనే కాదు.

మలుపు 1970ల చివర్లో వచ్చింది. జెన్సెన్ దగ్గర పనిచేసిన జెఫ్రీ గ్రీన్ (పీపార్‌కు పేరు పెట్టిన గ్రీన్ వేరు), దూడల గర్భాశయం నుంచి శుద్ధిచేసిన గ్రాహకాన్ని కుందేలుకు ఎక్కించి, దానికి ఎదురు నిలిచే యాంటీబాడీలను 1977లో తయారు చేశాడు. కుందేలు రక్తంలో పుట్టేది ఒక్క యాంటీబాడీ కాదు, రకరకాల యాంటీబాడీల గుంపు. పైగా కుందేలు చనిపోతే ఆ సరుకు మళ్లీ దొరకదు. దీనికి పరిష్కారం కేంబ్రిడ్జిలో అప్పటికే సిద్ధంగా ఉంది. 1975లో కోలర్, మిల్‌స్టీన్ యాంటీబాడీ తయారుచేసే ప్లీహ కణాన్ని, ఆగకుండా పెరిగే క్యాన్సర్ కణంతో కలిపేశారు. పుట్టిన సంకర కణాల్లోంచి ఒక్కొక్కదాన్ని విడిగా పెంచితే, ఒక్కో గుంపు ఒకే రకం యాంటీబాడీని ఎంత కాలమైనా ఇస్తుంది. దాన్నే మోనోక్లోనల్ అంటారు. 1984లో వారికి నోబెల్ వచ్చింది. గ్రీన్ ఈ పద్ధతినే వాడి 1980లో మనిషి ఈస్ట్రోజెన్ గ్రాహకానికి మోనోక్లోనల్ యాంటీబాడీలు తయారుచేశాడు. అందుకు కావలసిన గ్రాహకం ఎమ్‌సీఎఫ్-7 అనే కణాల నుంచి వచ్చింది. రొమ్ము క్యాన్సర్‌తో బాధపడిన ఒక క్రైస్తవ సన్యాసిని ఒంట్లోంచి తీసిన కణాలవి. అమెరికాలోని డెట్రాయిట్‌లో పెంపకం మొదలై, నేటికీ ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో పెరుగుతున్నాయి.

ఈ యాంటీబాడీలు రాగానే పాఠ్యపుస్తకం మారిపోయింది. గ్రాహకం కణద్రవంలో ఉంటుందని, హార్మోన్ వచ్చి తగిలాకే కేంద్రకంలోకి పోతుందని అప్పటిదాకా అందరూ రాసేవారు. 1984లో కింగ్, గ్రీన్ యాంటీబాడీతో చూసేసరికి హార్మోన్ లేనప్పుడు కూడా ఈస్ట్రోజెన్ గ్రాహకం కేంద్రకంలోనే కనబడింది. కణాలను నూరినప్పుడు గ్రాహకం కేంద్రకం లోంచి కారి ద్రవంలో కలిసేది; ఆ కారినదాన్నే అసలు చిరునామా అనుకున్నారు. ఒక సాధనం పాత సాధనం చేసిన పొరపాటును ఇంత తేటగా బయటపెట్టిన సందర్భాలు తక్కువే.

ఆస్పత్రులకు ఇంతకంటే పెద్ద మేలు 1990ల్లో జరిగింది. ఫార్మలిన్‌లో నానబెట్టి, పారాఫిన్ మైనంలో దిమ్మెగా పోసిన కణజాలంలో ప్రోటీన్లు ఒకదానికొకటి అతుక్కుని, యాంటీబాడీ తగలవలసిన చోటు మూసుకుపోతుంది. ఆ ముక్కను వేడినీటి ద్రావణంలో ఉడికిస్తే ఆ చోటు మళ్లీ తెరుచుకుంటుందని 1991లో తేలింది. దాంతో గ్రాహక పరీక్షకు ద్రవ నత్రజని అవసరం తప్పింది. గుంటూరు కొత్తపేటలోని నర్సింగ్‌హోంలో తీసిన గడ్డ మైనం దిమ్మెగా మారి, విజయవాడకో హైదరాబాదుకో కొరియర్‌లో వెళ్లి, అక్కడ పరీక్షకు నిలబడగలుగుతోంది. పల్నాడు, ప్రకాశం పల్లెల నుంచి వచ్చే రోగులకు గుంటూరు సర్వజనాసుపత్రి పెద్ద దిక్కు. దానికి అనుబంధమైన గుంటూరు వైద్య కళాశాల 1946 నాటిది. అమరావతి చెంతనున్న మంగళగిరి ఎయిమ్స్ 2018లో బోధన మొదలుపెట్టింది. ముక్క పరీక్షలో క్యాన్సర్ అని తేలితే, తర్వాతి మెట్టు ఐహెచ్‌సీ (ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ), అంటే యాంటీబాడీతో గ్రాహకాన్ని వెతికే పరీక్ష. రోగి బంధువులకు అది బిల్లులో ఒక పద్దుగా కనిపిస్తుంది, లోపల జరిగేది చాలా ఉంది.

మైనం దిమ్మెను మైక్రోటోమ్ మీద నాలుగు మైక్రాన్ల పొరలుగా కోస్తారు. ఒక మిల్లీమీటరు మందంలో అలాంటివి 250 పడతాయి. పొర నీటి మీద తేలుతుండగా గాజు పలక మీదికి ఎత్తుకుంటారు. జైలీన్‌తో మైనం కరిగించి, ఆల్కహాల్ మీదుగా నీటిలోకి తెస్తారు. తర్వాత ఉడకబెట్టడం. యంత్రాలున్నచోట అవి చేస్తాయి, లేనిచోట ఇంట్లో పప్పు ఉడికించే తరహా ప్రెషర్ కుక్కరే సిట్రేట్ ద్రావణంతో ఈ పని చేస్తుంది. కణజాలంలో సహజంగా ఉండే పెరాక్సిడేజ్ ఎంజైము తప్పుడు రంగు తేకుండా హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో దాని పని అణచేస్తారు. అప్పుడు అసలు యాంటీబాడీ చుక్కలుగా వేస్తారు. అది గ్రాహకానికి అంటుకుంటుంది, అంటుకోనిది కడిగినప్పుడు పోతుంది. ఆ మీదట మొదటి యాంటీబాడీని పట్టుకునే రెండోది. దీనికి ఎంజైము తగిలించి ఉంటుంది. చివర డీఏబీ అనే రసాయనం పోస్తే, ఎంజైము ఉన్న చోటల్లా గోధుమరంగు మడ్డి పేరుకుంటుంది. మిగతా కణజాలం తెలియడానికి హిమటాక్సిలిన్‌తో లేత నీలం వేస్తారు. పాథాలజిస్టు కంటికి నీలం కేంద్రకాల మధ్య గోధుమరంగు కేంద్రకాలు కనబడతాయి. ఈఆర్ రంగు కేంద్రకంలోనే ఉండాలి. కణద్రవంలో పులుముకున్నట్టు కనబడితే దాన్ని లెక్కలోకి తీసుకోరు.

నూటికి ఒక్క క్యాన్సర్ కణం కేంద్రకమైనా రంగెక్కితే ఈఆర్ పాజిటివ్‌గా రాయాలని అమెరికా క్యాన్సర్ వైద్యుల, పాథాలజిస్టుల సంఘాలు 2010లో తేల్చాయి. 2020లో 1 నుంచి 10 శాతం మధ్య ఉన్నవాటిని ‘లో పాజిటివ్’ అని విడిగా రాయమన్నాయి. చాలా రిపోర్టుల్లో కనిపించే ఆల్‌రెడ్ స్కోరు మరో లెక్క: ఎన్ని కణాలకు రంగు ఎక్కిందో దానికి 5 దాకా, ఎంత ముదురుగా ఎక్కిందో దానికి 3 దాకా మార్కులు. కలిపి 8. మూడు వచ్చినా పాజిటివే. పాజిటివ్ అయితే టామోక్సిఫెన్ లాంటి హార్మోన్ మందు పనిచేసే అవకాశం ఉంది. నెగెటివ్ అయితే ఆ దారి మూసుకుంటుంది. రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఈఆర్ పాజిటివే. టామోక్సిఫెన్ బిళ్ల ఏళ్ల తరబడి వాడాల్సిందే అయినా, క్యాన్సర్ మందుల్లో చవకైనవాటిలో ఒకటి. కాబట్టి తప్పుడు నెగెటివ్ అంటే, అందుబాటులో ఉన్న చవక మందు రోగికి దక్కకుండా పోవడమే.

తప్పుడు నెగెటివ్‌కు చాలాసార్లు కారణం యాంటీబాడీ కాదు, ఆపరేషన్ బల్ల దగ్గర జరిగే ఆలస్యం. గడ్డను తీసిన గంటలోపు కోసి ఫార్మలిన్‌లో పెట్టాలి. అందులో కనీసం 6 గంటలు, మించితే 72 గంటలు ఉంచాలి. ఫార్మలిన్ కణజాలంలోకి గంటకు మిల్లీమీటరు లెక్కన మాత్రమే ఇంకుతుంది. గుప్పెడంత గడ్డను కోయకుండా ఇరుకు మూతి సీసాలో కుక్కి పంపితే, పైపొర మాత్రమే నిలుస్తుంది, మధ్యభాగం తన ఎంజైములకే కరిగిపోతుంది. రోహిణి కార్తె ఎండల్లో ఈ పని ఇంకా త్వరగా జరుగుతుంది. ఫార్మలిన్ దొరక్క సెలైన్‌లో వేసి పంపినా ఇదే గతి. అందుకే నిపుణుడు రిపోర్టు రాసే ముందు క్యాన్సర్ పక్కనున్న మామూలు పాలనాళాల వైపు చూస్తాడు. వాటిలో కొన్ని కణాలు సహజంగానే ఈఆర్ రంగు పట్టాలి. అవి కూడా నీలంగానే ఉంటే పరీక్షే చెడింది, రోగి నెగెటివ్ కాదు.

ఇలాంటి తనిఖీ లోపిస్తే ఎంత దూరం పోతుందో కెనడాలోని న్యూఫౌండ్‌ల్యాండ్‌లో తెలిసింది. అక్కడి ప్రభుత్వ ఆస్పత్రుల ప్రయోగశాలలో 1997 నుంచి 2005 వరకు చేసిన ఈఆర్, పీఆర్ పరీక్షల్లో దాదాపు వెయ్యి నమూనాలను మళ్లీ పరీక్షిస్తే 380 మందికి పైగా ఫలితం మారింది. న్యాయమూర్తి మార్గరెట్ కామెరాన్ విచారణ జరిపి 2009లో నివేదిక ఇచ్చారు. కణజాలాన్ని నిలిపే పనిలో అలసత్వం, పోల్చి చూసే నమూనాలను పట్టించుకోకపోవడం, నాణ్యత తనిఖీ లేకపోవడం అందులో బయటపడ్డాయి. ఆ ప్రయోగశాల పెట్టిన తప్పుడు నెగెటివ్‌ల వల్ల హార్మోన్ మందు అందని స్త్రీలు అప్పటికే కొందరు చనిపోయారు.

ఇక యాంటీబాడీయే తప్పు దారి పట్టిస్తే? అది గ్రాహకాన్ని మొత్తంగా గుర్తుపట్టదు. కొన్ని అమైనో ఆమ్లాల చిన్న భాగాన్నే పట్టుకుంటుంది. గుంటూరు మిర్చి యార్డులో కాయను కప్పేసి ముచ్చిక మాత్రం చూపించి, ఇది తేజానా 334 రకమా అని అడిగితే ఎంత నమ్మకంగా చెప్పగలరో, యాంటీబాడీ చెప్పేదీ అంతే. వేరే ప్రోటీన్‌లో అలాంటి భాగమే ఉంటే దాన్నీ పట్టుకుంటుంది, అంతే ముదురు గోధుమరంగు వస్తుంది.

ఇది ఊహ కాదు. 1996లో ఈస్ట్రోజెన్ గ్రాహకానికి బీటా అనే రెండో రూపం బయటపడింది, పాతదానికి ఆల్ఫా అని పేరు స్థిరపడింది. ఆ తర్వాత ఇరవయ్యేళ్ల పాటు రొమ్ములో, ఇతర క్యాన్సర్లలో ఈఆర్ బీటా ఉందని కొందరు, లేదని కొందరు, మేలు చేస్తుందని కొందరు, కీడు చేస్తుందని కొందరు రాసిన వ్యాసాలు వందల్లో వచ్చాయి. 2017లో స్వీడన్ పరిశోధకులు మార్కెట్లో ఉన్న 13 బీటా యాంటీబాడీలను గట్టిగా పరీక్షించారు. కణజాల పొరల మీద బీటాను మాత్రమే పట్టుకున్నది ఒక్కటే, పీపీజెడ్0506. అదీ అప్పటిదాకా పెద్దగా ఎవరూ వాడనిది. దానితో చూస్తే మామూలు రొమ్ములోనూ, రొమ్ము క్యాన్సర్‌లోనూ బీటా కనబడలేదు. వృషణాల్లో, అండాశయంలో కనబడింది. అంతకు ముందు వచ్చిన వ్యాసాల్లో ఎన్ని నిలబడతాయన్న ప్రశ్న ఆ రంగంలో నేటికీ చర్చే. సీసా మీద ‘ఈఆర్ బీటా’ అని అచ్చువేసినంత మాత్రాన లోపలున్నది ఈఆర్ బీటాను చూపిస్తుందని నమ్మడమే అసలు పొరపాటు.

ఆ నమ్మకానికి ఆధారం కావాలంటే యాంటీబాడీకి పరీక్షలు పెట్టాలి. వాటిలో ఒకటి వెస్టర్న్ బ్లాట్. కణాల్లోని ప్రోటీన్లను సబ్బులాంటి ద్రావణంతో విప్పి, జెల్‌లో విద్యుత్తు పెట్టి పరిమాణం వారీగా విడదీస్తారు. వాటిని పలుచని పొర మీదికి మార్చి, యాంటీబాడీ ఎక్కడ పడితే అక్కడ అంటుకోకుండా కొవ్వులేని పాలపొడి కలిపిన ద్రావణంలో నానబెడతారు. కొట్టులో కొనే పాలపొడి లాంటిదే ఈ పనికి చాలు. ఇంత ఖరీదైన పరీక్షలో ఇంత చవక పదార్థం చేరడం ప్రయోగశాలల్లో కొత్త వారికి వింతగా తోస్తుంది. తర్వాత యాంటీబాడీ వేస్తే, ఈఆర్ ఆల్ఫా దాదాపు 66 కిలోడాల్టన్ల దగ్గర ఒక గీతగా కనబడాలి. ఎమ్‌సీఎఫ్-7 కణాల్లో గీత రావాలి, ఈస్ట్రోజెన్ గ్రాహకం లేని కణాల్లో రాకూడదు. ఇంకా గట్టి పరీక్ష, ఆ జన్యువునే కత్తిరించి తీసేసిన కణాల్లో చూడటం. జన్యువు లేకపోయినా గీత మిగిలితే ఆ యాంటీబాడీ వేరే దేన్నో పట్టుకుంటోంది. పీపార్ గామా లాంటి వాటిలో మరో చిక్కుంది. దానికి గామా-1, గామా-2 అని రెండు రూపాలు, మనిషిలో రెండోది మొదటిదానికంటే 28 అమైనో ఆమ్లాలే పొడవు. రెండిటికీ ఉమ్మడిగా ఉన్న భాగాన్ని పట్టుకునే యాంటీబాడీ రెండు గీతలు చూపిస్తుంది, వాటిని కలిపి ఒకటిగా చదివితే లెక్క తప్పుతుంది.

ఒకే పేరుతో అమ్ముడయ్యే యాంటీబాడీలు కూడా ఒకటి కావు. ఈఆర్ ఆల్ఫాకు ఆస్పత్రులు వాడేవాటిలో 1డీ5, 6ఎఫ్11 చిట్టెలుకవి, ఎస్‌పీ1, ఈపీ1 కుందేలువి. కుందేలు మోనోక్లోనళ్లు మసక రంగును కూడా పట్టగల పదునున్నవని పేరు తెచ్చుకున్నాయి. మంచి రిపోర్టులో వాడిన క్లోన్ పేరు, అంటే ఇలాంటి గుర్తు, రాసి ఉంటుంది. లేకుంటే అడిగి తెలుసుకోవడం తప్పేమీ కాదు. సంకర కణాలు పెంచేకొద్దీ ఒక్కోసారి యాంటీబాడీ చేయడం మానేస్తాయి. అందుకే యాంటీబాడీ జన్యువునే చదివి, ఆ వరుసతో ఎప్పుడు కావాలంటే అప్పుడు తయారుచేసే రీకాంబినెంట్ యాంటీబాడీలు ఇప్పుడు పాతవాటి స్థానం ఆక్రమిస్తున్నాయి. ఆస్పత్రుల్లో వాడే యాంటీబాడీలు సాధారణంగా రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉండాలి. కరెంటు పోతూ వస్తూ ఉండే ఊళ్లో ఫ్రిజ్ చల్లదనం రాసిపెట్టే పుస్తకం పరీక్షలో భాగమే.

పత్తి, మిర్చి నేలకు ఈ సాధనంతో మరో సంబంధం ఉంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలల్లో 1980ల్లో తెల్లదోమ, 1990ల్లో శనగపచ్చ పురుగు ఉధృతమైనప్పుడు మందు మీద మందు కొట్టిన కాలంలో ఎండోసల్ఫాన్ బాగా చెలామణి అయింది. సుప్రీంకోర్టు 2011 మేలో దాన్ని నిషేధించింది. అమెరికాలోని బోస్టన్‌లో ఆనా సోటో బృందం 1994లో ఎమ్‌సీఎఫ్-7 కణాల మీద పరీక్షించినప్పుడు, ఎండోసల్ఫాన్ ఈస్ట్రోజెన్‌లాగే ఆ కణాలను పెంచింది. అయితే బలం చాలా తక్కువ, అసలు ఈస్ట్రోజెన్ పనికి ఎన్నో రెట్లు మోతాదు కావాల్సి వచ్చింది. ఇలాంటి ప్రశ్నలకు పరిశోధకులు వెతికే జవాబు కొంత యాంటీబాడీల్లోనే ఉంటుంది. ఈస్ట్రోజెన్ తగిలిన కణంలో ప్రొజెస్టెరాన్ గ్రాహకం పెరుగుతుంది. ఆ పెరుగుదలను వెస్టర్న్ బ్లాట్‌లో గీత మందంగా చూపిస్తే, ఆ రసాయనం గ్రాహకం ద్వారానే పనిచేసిందనడానికి ఒక ఆధారం దొరికినట్టు. పాత్రలోని కణాల్లో కనబడింది కాబట్టి పొలంలో మందు కొట్టినవారందరికీ అదే జరిగిందని చెప్పడానికి ఇది చాలదు. దానికి మనుషుల మీద ఏళ్ల తరబడి చేసే సర్వేలు, రక్తంలో మందు అవశేషాల కొలతలు కావాలి. ఈ తేడా చెప్పకుండా రాసే వార్తలు రైతును అనవసరంగా భయపెడతాయి, లేదా అసలు భయం ఉన్నచోట ధీమా ఇస్తాయి.

ఆస్పత్రి పరీక్షకు తిరిగి వస్తే, మైనం దిమ్మె ఒక్కసారి వాడి పారేసేది కాదు. అందులోంచి పదుల పొరలు కోయవచ్చు, ఏళ్లు దాచవచ్చు. ఈఆర్ నెగెటివ్ అని వచ్చి, గడ్డ రూపం మాత్రం నెమ్మదిగా పెరిగే రకంలా ఉంటే, మరో ప్రయోగశాలలో మరో క్లోన్‌తో తిరిగి చేయించమని పాథాలజిస్టులే సూచిస్తారు. రోగి అడిగితే దిమ్మెను, స్లైడ్లను సంతకం పెట్టించుకుని ఇస్తారు. కొన్నేళ్ల తర్వాత క్యాన్సర్ మళ్లీ కాలేయానికో ఎముకకో వస్తే, వీలైనచోట ఆ కొత్త ముక్కలో ఈఆర్ మళ్లీ చూస్తారు. మొదటిసారి పాజిటివ్‌గా ఉన్న గడ్డ తిరిగి వచ్చేటప్పుడు గ్రాహకాన్ని పోగొట్టుకుని రావడం కూడా ఉంది. అప్పుడు పాత రిపోర్టు చూసి మందు రాస్తే అది పనిచేయదు.